పాత కారు ఇంజన్ అప్పుడప్పుడూ కటకటమంటోందా? విప్పించే ముందు ఇవి చూసుకోండి

పాత కారుతో ఉన్న అసలు చిక్కు ఏమిటంటే, ఇంటి దగ్గర బయల్దేరినప్పటి నుంచీ టకటకమన్న ఇంజన్ మెకానిక్ షెడ్డులోకి వెళ్లగానే నోరు మూసుకుంటుంది. "అన్నా, నిజంగా కొడుతోంది" అని మీరంటారు, అతను బానెట్ ఎత్తి రెండుసార్లు రేజ్ చేసి "ఏం లేదు సార్, బానే ఉంది" అని పంపించేస్తాడు. లేదంటే "ఇంజన్‌కి పనొచ్చింది సార్, ఓవరాయిలింగ్ చేయించాల్సిందే" అంటాడు, అంటే ఇంజన్ మొత్తం విప్పి బాగుచేయాలని. ఆ రెండో మాట విన్నాక మీకు రాత్రి నిద్ర పట్టదు, జేబులో ఎంత ఉందో లెక్కలు మొదలవుతాయి. నా మాట వినండి, శబ్దం ఎక్కడి నుంచి వస్తోందో వెతికే ముందు అది ఎప్పుడు వస్తోందో పట్టుకోండి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది, పైగా దానికి పానా పట్టాల్సిన పని కూడా లేదు.

ఇక్కడ చెప్పేదంతా ముఖ్యంగా మారుతి 800, పాత ఆల్టో, పాత వ్యాగనార్, శాంట్రో లాంటి పెట్రోలు బండ్ల గురించి. డీజిల్ బండి గురించి చివర్లో ఒక ముక్క చెప్తాను.

ముందుగా ఒక హెచ్చరిక

శబ్దంతో పాటు డ్యాష్‌బోర్డు మీద ఎర్రటి ఆయిల్ లైటు వెలిగినా, ఐడ్లింగ్‌లో (బండి ఆగి ఇంజన్ మాత్రం నడుస్తున్నప్పుడు) మిణుకుమిణుకుమన్నా, ఇక పరీక్షలూ గిరీక్షలూ వద్దు. పక్కకు తీసి ఇంజన్ ఆపేయండి. "ఇంకో రెండు కిలోమీటర్లే కదా, ఇల్లొచ్చేస్తుంది" అనుకుని నడిపితే బేరింగులతో పోయేది క్రాంక్ (పిస్టన్ల కదలికతో తిరిగే ఇరుసు) దాకా వెళ్తుంది, ఖర్మ కాలితే పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్ విరిగి బ్లాకుకే చిల్లు పెడుతుంది. టోయింగ్‌కి అయ్యే ఖర్చు దాని ముందు ఒక లెక్కే కాదు. టెంపరేచర్ ముల్లు పైకెక్కినా అంతే.

మొదటి పని: ఆయిల్ చూడండి

బండిని సమతలంగా ఉన్న చోట పెట్టి, ఇంజన్ ఆపి, ఓ పది నిమిషాలు ఆగండి. డిప్ స్టిక్ తీసి గుడ్డతో తుడిచి, మళ్లీ పూర్తిగా లోపలికి దించి తీసి చూడండి. రెండు గీతల మధ్యలో పై గీతకు దగ్గరగా ఉండాలి. కింది గీత దగ్గరో దాని కిందో ఉంటే మీ అప్పుడప్పుడూ వచ్చే శబ్దానికి కారణం అదే కావచ్చు, ఎందుకంటే ఈ చిన్న ఇంజన్లలో మొత్తం పట్టేదే సుమారు మూడు లీటర్లు, అందులో ఒక లీటరు తగ్గిందంటే మలుపు తిరిగినప్పుడో, గట్టిగా బ్రేకు వేసినప్పుడో, ఘాటు రోడ్డు మీద బండి వాలినప్పుడో మిగిలిన ఆయిల్ అంతా చాంబర్‌లో ఒక పక్కకు పోతుంది, పంపు ఆయిల్‌కి బదులు గాలి పీలుస్తుంది, ఆ కాసేపూ ఇంజన్ కొడుతుంది. రోడ్డు నేరుగా అవ్వగానే ఏమీ ఎరగనట్టు ఉంటుంది. పాత బండ్లు ఆయిల్ తాగుతాయి, అది అందరికీ తెలిసిందే, కానీ సర్వీసుకీ సర్వీసుకీ మధ్య డిప్ స్టిక్ తీసి చూసేవాళ్లు ఎంతమంది?

రంగు కూడా చూడండి. నల్లగా ఉంటే కంగారేం లేదు, పాల టీ రంగులో చిక్కగా ఉంటే నీళ్లు కలుస్తున్నట్టు, పెట్రోలు వాసన గుప్పుమంటే పెట్రోలు కలిసి ఆయిల్ పలచబడినట్టు. పలచబడ్డ ఆయిల్ బేరింగుల మధ్య నిలబడదు.

ఆయిల్ తక్కువుంటే మీ మాన్యువల్లో చెప్పిన గ్రేడే పోయండి. "కొంచెం చిక్కటిది పోస్తే సౌండ్ పోతుంది సార్" అనేవాళ్లు ప్రతి షాపులోనూ ఉంటారు, నిజంగానే పోతుంది కూడా, అయితే అది రోగం తగ్గడం కాదు. సెకండ్ హ్యాండ్ బండ్లు అమ్మేవాళ్లలో కొందరు చేసే పనే ఇది. ఈమధ్యే కొన్న బండి మొదటి ఆయిల్ చేంజ్ అయ్యాక కొట్టడం మొదలుపెట్టిందంటే ఈ అనుమానం పెట్టుకోండి. మీరు పరీక్ష చేస్తున్నన్నాళ్లూ ఆయిల్ ట్రీట్‌మెంట్ సీసాల జోలికి కూడా పోకండి, ఉన్న ఆధారం కాస్తా మరుగున పడుతుంది.

రెండో పని: ఒక వారం పాటు రాసుకోండి

నోట్ బుక్ అక్కర్లేదు, ఫోన్ చాలు. శబ్దం వచ్చిన ప్రతిసారీ ఇంజన్ చల్లగా ఉందా వేడిగా ఉందా, ఏ గేరు, సుమారు ఎంత స్పీడు, యాక్సిలరేటర్ తొక్కుతున్నారా వదిలేశారా, ఏసీ ఉందా లేదా, ఎత్తా పల్లమా, పెట్రోలు ఎప్పుడు ఏ బంకులో కొట్టించారు, ఇంతే. పక్కన ఎవరైనా ఉంటే వీడియో తీయమనండి, నడిపేవాళ్లు ఫోన్ పట్టుకోవద్దు. వారం తర్వాత చూస్తే ఒక వరస కనిపిస్తుంది.

పొద్దున్నే సెల్ఫ్ కొట్టగానే రెండు మూడు సెకన్లు గలగలమని ఆగిపోతే, రాత్రంతా ఆయిల్ ఫిల్టర్‌లోంచి కిందికి జారిపోయి, మళ్లీ పైకెక్కేదాకా వాల్వులను తెరిచే ట్యాపెట్లో, టైమింగ్ చైను ఉన్న బండిలో అదో ఎండుగా ఆడాయన్నమాట. చౌక ఫిల్టర్లలో లోపలి రబ్బరు వాల్వు సరిగ్గా ఉండదు, మంచి ఫిల్టర్ వేసి చూడండి. చాలాసార్లు ఇంతటితో తీరిపోతుంది.

స్టార్ట్ చేశాక ఐదు పది నిమిషాలు డబడబమని, ఇంజన్ వేడెక్కాక తగ్గిపోతే పిస్టన్ సిలిండర్ గోడకు తగులుతోంది. వేడికి పిస్టన్ వ్యాకోచించి ఆ సందు పూడుతుంది. అరిగిన ఇంజనే, కానీ ఇప్పటికిప్పుడు కొంపలేం మునగవు, ఇలాగే ఏళ్ల తరబడి తిరిగే బండ్లు ఉన్నాయి. అయితే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ గ్యాస్కెట్ లీకైనా సరిగ్గా ఇలాగే ఉంటుంది, చల్లగా ఉన్నప్పుడు టిక్కుటిక్కుమంటుంది, లోహం వేడెక్కి బిగుసుకున్నాక ఆగిపోతుంది. మానిఫోల్డ్ ఇంజన్ హెడ్డుకి అతుక్కునే చోట టార్చి వేసి చూడండి, మసి చార కనిపిస్తే అదే.

దీనికి తలకిందులుగా, పొద్దున నిశ్శబ్దంగా ఉండి, ఓ అరగంట ట్రాఫిక్‌లో కాగాక కొట్టడం మొదలైతే అప్పుడు భయపడాలి. వేడికి ఆయిల్ పలచబడింది, ప్రెషర్ తగ్గింది, బేరింగుల్లో సందు బయటపడింది.

ఎత్తెక్కేటప్పుడు, టాప్ గేరులో తక్కువ స్పీడు మీద యాక్సిలరేటర్ తొక్కినప్పుడు మాత్రమే రేకు డబ్బాలో గోలీలు వేసి ఊపినట్టు సన్నగా గలగలలాడి, కాలు తీయగానే ఆగిపోతే అది పింగింగ్. అంటే ఇనుప ముక్కలు కొట్టుకోవడం కాదు, పెట్రోలు మండాల్సిన పద్ధతిలో మండటం లేదు. దాని కథ వేరే, కిందికి వస్తాను.

ఏసీ వేస్తేనే వస్తే కంప్రెసర్ క్లచ్చు, దాని బ్రాకెట్ బోల్టులు చూడండి. క్లచ్ పెడల్ తొక్కగానే వచ్చినా పోయినా గేర్ బాక్స్ వైపు, రిలీజ్ బేరింగ్ వైపు చూడండి. గేరు వేసి క్లచ్ వదిలేటప్పుడు ధన్‌మని ఒక్క దెబ్బ పడితే ఇంజన్ మౌంటింగ్ రబ్బరు పోయింది.

అసలు ఇంజనేనా, చక్రాల వైపా అన్న అనుమానం ఉంటే ఖాళీ రోడ్డు మీద ఒకే స్పీడులో, నలభై అనుకుందాం, మూడో గేరులో కాసేపు, నాలుగో గేరులో కాసేపు నడపండి. గేరు మారగానే దెబ్బల వేగం మారితే ఇంజన్. మారకపోతే చక్రం, యాక్సిల్, సస్పెన్షన్. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు మాత్రమే వస్తే యాక్సిల్ జాయింటు. ఇంత చిన్న పరీక్ష చేయకుండానే ఇంజన్ విప్పించుకున్నవాళ్లున్నారు.

మూడో పని: బానెట్ ఎత్తి వినండి

చీర కొంగు, చున్నీ, లూజు చేతులు, మెడలో చైను, ఇవన్నీ సర్దుకున్నాకే బానెట్ ఎత్తండి. బెల్టు తిరుగుతుంటుంది, రేడియేటర్ ఫ్యాను ఎప్పుడైనా దానంతటదే తిరగొచ్చు.

ఒక పొడవాటి స్క్రూడ్రైవర్ తీసుకోండి, మొనను ఇంజన్ మీద ఆనించి, పిడిని చెవి వెనకున్న ఎముకకు ఆనించండి. మొదటిసారి విన్నప్పుడు కొంచెం బిత్తరపోతారు, బాగున్న ఇంజన్ లోపల కూడా అంత గోల ఉంటుంది. ఇంజెక్టర్ల మీద పెడితే చకచకమని టైపు మిషన్ మోత వినిపిస్తుంది, అది మామూలే. అందుకే ఒక్కచోట విని తీర్పు చెప్పకండి, పోల్చుకుంటూ వెళ్లండి. పైన వాల్వ్ కవర్ మీద ఒక్కో సిలిండర్ దగ్గరా విడివిడిగా, తర్వాత ముందు టైమింగ్ కవర్, ఆల్టర్నేటర్, వాటర్ పంపు, కంప్రెసర్, ఆ తర్వాత బ్లాకు పక్కన, చివరగా కింద ఆయిల్ చాంబర్ దగ్గర. ఇనుములో శబ్దం అంతటా పాకుతుంది కాబట్టి అన్నిచోట్లా కొంత వినిపిస్తుంది, ఎక్కడ పదునుగా ఉందో అదే మీకు కావాల్సింది. పైన పదునుగా ఉంటే ట్యాపెట్లు, కింద బరువుగా ఉంటే బేరింగులు. బండి కింద దూరి వినాలనుకుంటే ఒట్టి జాకీ మీద ఎత్తి మాత్రం దూరకండి, స్టాండులు పెట్టకుండా అసలొద్దు.

దెబ్బల వేగం కూడా ఒక గుర్తే. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే వాల్వులు తెరిచే క్యామ్ ఒక్క చుట్టు తిరుగుతుంది, కాబట్టి ట్యాపెట్ టిక్కు క్రాంక్ వేగంలో సగం వేగంతోనే పడుతుంది. ఐడ్లింగ్ 850 ఆర్‌పీఎం (నిమిషానికి క్రాంక్ తిరిగే చుట్లు) మీద ఉంటే క్రాంక్ సెకనుకు పద్నాలుగు చుట్లు తిరుగుతుంది, ఒక్కో వాల్వు ఏడుసార్లు కొడుతుంది. చెవితో లెక్కపెట్టడం మన వల్ల కాదు, కానీ డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు వంతులవారీగా కరెంటు పంచే డబ్బా) ఉన్న పాత బండి అయితే టైమింగ్ లైటును (ప్లగ్గుకి కరెంటు వెళ్లినప్పుడల్లా మెరిసే లైటు) ఒకటో నంబరు ప్లగ్ వైరుకి తగిలించి చూడండి. మెరుపుకొక దెబ్బ పడితే పైభాగం, మెరుపుకి రెండు దెబ్బలు పడితే కింది భాగం. డిస్ట్రిబ్యూటర్ లేకుండా రెండేసి ప్లగ్గులకు ఒక కాయిల్ ఉన్న బండ్లలో ప్రతి చుట్టుకీ మెరుస్తుంది కాబట్టి ఈ లెక్క పనిచేయదు.

బయటి సామాను మీద అనుమానం ఉంటే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఫ్యాను బెల్టు తీసేసి ఓ అర నిమిషం మాత్రం నడిపి చూడండి. వాటర్ పంపు కూడా ఆ బెల్టు మీదే తిరుగుతుంటే అది ఆగిపోతుంది కాబట్టి అంతకంటే ఎక్కువసేపు వద్దు. శబ్దం పోయిందా, పండగే. ఆల్టర్నేటర్ బేరింగో పంపు బేరింగో కొన్ని వందల్లోనో ఓ రెండు వేలల్లోనో తేలిపోతుంది.

ఇంకో చిల్లర అనుమానితుడు సైలెన్సర్ పైపు మీదుండే వేడి రేకు. దాని బోల్టు తుప్పుపట్టి ఊడితే ఒక నిర్దిష్టమైన ఆర్‌పీఎం దగ్గర మాత్రమే జలజలలాడుతుంది. ఇంజన్ ఆపి, చల్లారాక, చేత్తో తట్టి చూస్తే తెలిసిపోతుంది.

నాలుగో పని: ఒక్కో సిలిండర్‌నీ ఆపి చూడండి

శబ్దం వస్తున్న సమయంలోనే చేయాల్సిన పని ఇది. ఇంజన్ ఆపి, ఎంపీఎఫ్ఐ బండి (కార్బురేటర్‌కి బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు పంపేది) అయితే ఒకటో సిలిండర్ ఇంజెక్టర్ కనెక్టర్ తీసి మళ్లీ స్టార్ట్ చేయండి. కార్బురేటర్ బండి అయితే ప్లగ్ వైరు తీసి, దానికి ఒక పాత ప్లగ్గు తగిలించి, ఆ ప్లగ్గు ఒంటిని ఇంజన్ ఇనుముకి ఆనేలా కట్టి స్టార్ట్ చేయండి. నడుస్తున్న ఇంజన్ మీద ప్లగ్ వైరు చేత్తో పీకడం మెకానిక్కులు చేస్తుంటారు, మీరు చేయొద్దు, షాక్ మామూలుగా కొట్టదు.

ఒక సిలిండర్ ఆగింది కాబట్టి బండి అదురుతుంది, ఆ అదురుడు చూసి తికమకపడకండి. మీకు కావాల్సింది ఆ దెబ్బ మాత్రమే. ఒకటి ఆపితే మార్పు లేదు, రెండు ఆపితే లేదు, మూడోది ఆపగానే దెబ్బ సగానికి సగం తగ్గిందంటే ఆ సిలిండర్ కనెక్టింగ్ రాడ్ బేరింగో, పిస్టన్ పిన్నో, పిస్టనో. మంట ఒత్తిడి లేకపోతే ఆ సందు మీద బరువు పడదు, అందుకే తగ్గుతుంది. ఏది ఆపినా మారకపోతే ట్యాపెట్ల వైపో బయటి సామాను వైపో మళ్లండి.

పింగింగ్ అయితే

ఇది ఎండాకాలంలో, ఏసీ వేసి, నలుగురు ఎక్కి, తిరుమల ఘాటు రోడ్డో శ్రీశైలం ఘాటో ఎక్కుతున్నప్పుడు బయటపడుతుంది. ముందు మీరు బండి నడిపే తీరు చూసుకోండి. మైలేజీ కోసం నలభైలో టాప్ గేరు వేసి ఇంజన్ని ఈడ్చుకుంటూ వెళ్లే అలవాటు మనలో చాలామందికి ఉంది, ఒక గేరు కిందికి దించితే చాలాసార్లు అక్కడికక్కడే ఆగిపోతుంది.

బండికి సీఎన్‌జీ కిట్టు ఉంటే మీ అదృష్టం, శబ్దం వస్తున్న చోటే సీఎన్‌జీకి మార్చి చూడండి. దాని ఆక్టేన్ (పింగింగ్‌ని తట్టుకునే గుణం) పెట్రోలు కంటే చాలా ఎక్కువ, పింగింగ్ అయితే మాయమవుతుంది, బేరింగయితే ఏమాత్రం తగ్గదు. కిట్టు లేకపోతే ట్యాంకు దాదాపు ఖాళీ అయ్యాక ఒకసారి ప్రీమియం పెట్రోలు, 95 ఆక్టేనో అంతకంటే ఎక్కువో ఉన్నది, కొట్టించి అదే ఎత్తు ఎక్కండి. తగ్గిందంటే దారి దొరికినట్టే, కానీ రోజూ ప్రీమియం కొట్టించుకోవడం పరిష్కారం కాదు, ఈ ఇంజన్లు మామూలు పెట్రోలు మీద నడవడానికే తయారయ్యాయి.

ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు వచ్చాక ప్రతి శబ్దాన్నీ దాని మీదకే నెడుతున్నారు. ఇథనాల్ ఆక్టేన్ పెట్రోలు కంటే ఎక్కువ, ఆ లెక్కన పింగింగ్ తగ్గాలి. అయితే ఇథనాల్ కలిసేకొద్దీ గాలి-పెట్రోలు మిశ్రమం పలచబడుతుంది, ఎంపీఎఫ్ఐ బండి సెన్సర్ చూసుకుని కొంతవరకు సర్దుకుంటుంది, కార్బురేటర్ బండికి ఆ తెలివి లేదు. పలచటి మిశ్రమం వేడిగా మండుతుంది. పాత కార్బురేటర్ బండి అయితే ట్యూనింగ్, జెట్లు, రబ్బరు పైపులు ఒకసారి చూపించండి.

ప్లగ్గులు విప్పి వెలుతురులో చూడండి. లేత గోధుమ రంగులో ఉంటే బాగున్నట్టు. పింగాణీ తెల్లగా సున్నం కొట్టినట్టుండి, దాని మీద ఆవగింజ కంటే చిన్న నల్లటి చుక్కలో మెరిసే చుక్కలో అతుక్కుని ఉంటే, లోపల చాలాకాలంగా పింగింగ్ జరుగుతోంది, ఆ మెరిసేవి పిస్టన్ నుంచి ఊడిన అల్యూమినియం. ప్లగ్గు మీదున్న నంబరు మాన్యువల్లోని నంబరుతో సరిపోల్చండి, మీ బండికి సరిపడని హీట్ రేంజ్ (వేడిని వదిలించుకునే స్థాయి) ప్లగ్గు వేసి ఉన్నా ఇదే గొడవ.

ఆ తర్వాత మెకానిక్‌తో చూపించాల్సినవి ఇగ్నిషన్ టైమింగ్, వాక్యూమ్ పైపుల లీకులు, ఈజీఆర్ (పొగలో కొంత మళ్లీ ఇంజన్లోకి పంపే భాగం) ఉన్న బండి అయితే అది మూసుకుపోయిందేమో, థర్మోస్టాట్, చివరగా హెడ్డులో పేరుకున్న కార్బన్. డిస్ట్రిబ్యూటర్ బండ్లలో ఎవరో "పికప్ కోసం" టైమింగ్ ముందుకు తిప్పి వదిలేసి ఉంటారు, ఐదు నిమిషాల పని అది.

కింది బేరింగుల మీద అనుమానం గట్టిపడితే

వేడెక్కిన ఇంజన్ని న్యూట్రల్‌లో పెట్టి మెల్లగా 2500 దాకా రేజ్ చేసి ఒక్కసారిగా వదిలేయండి. ఆర్‌పీఎం దిగేటప్పుడు టకటకటకమని గుక్కతిప్పుకోకుండా కొడితే కనెక్టింగ్ రాడ్ బేరింగ్. బరువు పడినప్పుడు లోపలెక్కడో దబ్‌దబ్‌మని మొద్దుగా వస్తే మెయిన్ బేరింగ్. ఈ పరీక్ష ఒకటి రెండుసార్లు చాలు, స్నేహితులకి వినిపించడానికి పదేపదే చేయకండి.

తర్వాత ఆయిల్ ప్రెషర్ గేజ్ పెట్టించండి. ఆయిల్ లైటు స్విచ్ విప్పి ఆ చోట గేజ్ బిగిస్తారు, పెద్ద ఖర్చేం కాదు. వేడి ఇంజన్ మీద ప్రతి వెయ్యి ఆర్‌పీఎంకి సుమారు పది పీఎస్ఐ (ఒత్తిడి కొలత) ఉండాలన్నది మోటు లెక్క, మీ ఇంజన్ అసలు అంకె సర్వీస్ మాన్యువల్లో ఉంటుంది. గేజ్ పెట్టకుండా ఇంజన్ విప్పాలనే మెకానిక్‌ని ఎందుకని అడగండి.

ఆయిల్ దింపేటప్పుడు మీరు అక్కడే ఉండండి. శుభ్రమైన తెల్ల టబ్బులోకి దింపి, ఎండలో పెట్టి, మెల్లగా వంచుతూ చూడండి. మామూలు ఆయిల్ నల్లగా నిగనిగలాడుతుంది, అంతే. బేరింగు అరిగితే ఆ నలుపులో సన్నటి తళుకు, వెండి రంగో రాగి రంగో, వంచినప్పుడల్లా తిరుగుతూ కనిపిస్తుంది. అయస్కాంతాన్ని పాలిథిన్ కవర్లో చుట్టి అందులో తిప్పండి. అంటుకున్నది ఉక్కు, అంటే గేరో, క్యామో, రింగులో. అంటుకోకుండా తేలుతున్న తళుకు బేరింగు పూత, లేదా పిస్టన్ అల్యూమినియం. పాత ఫిల్టర్ పారేయకుండా కోయించి లోపలి కాగితం మడతలు విప్పి చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. తళుకు లేదు, ప్రెషర్ బాగుంది అంటే ఇంజన్ విప్పే తొందరేం లేదు.

డీజిల్ బండి వాళ్లకు ఒక్కమాట. డీజిల్ ఇంజన్ కొంత కటకటమనడం సహజం. కొత్తగా ఒక సిలిండర్ మాత్రమే గట్టిగా కొడుతుంటే బేరింగు కంటే ముందు ఇంజెక్టర్‌ని అనుమానించండి, ఇంజెక్టర్లు టెస్టింగుకి పంపించండి.

మెకానిక్ దగ్గరికి

"సౌండ్ వస్తోంది చూడు" అని తాళం ఇచ్చి రాకండి. వేడెక్కాకే వస్తుందంటే ఓ ఇరవై కిలోమీటర్లు తిప్పి వేడి మీద తీసుకెళ్లండి, చలి మీద వస్తుందంటే ముందురోజు సాయంత్రం షెడ్డులో పెట్టి, తెల్లారి మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని చెప్పండి. వీడియో, రాసుకున్నది చూపించి, మీతో పాటు బండిలో ఎక్కించుకుని తిప్పండి. మంచి మెకానిక్ విసుక్కోడు, అతనికీ పని సులువవుతుంది.

ట్యాపెట్ సెట్టింగే అయితే సాయంత్రానికి బండి చేతికొస్తుంది. బేరింగులే అని తేలితే, క్రాంక్ బాగున్నప్పుడు అదే సైజు బేరింగులు సరిపోతాయి, గీతలు పడితే లేత్ పనికి వెళ్లి గ్రైండింగ్ చేయించి 0.25 మి.మీ. గానీ 0.50 మి.మీ. గానీ అండర్ సైజు వేయాలి. మైక్రోమీటర్‌తో కొలవకుండా గోటితో గీకి చూసి చెప్పే సైజు నమ్మకండి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట ఈ పనులన్నీ ఒకే ప్రాంతంలో అయిపోతాయి. బ్లాకు కూడా పోయిందంటే సెకండ్ హ్యాండ్ ఇంజన్ చౌకగా పడొచ్చు, కాకపోతే ఇంజన్ నంబరు మారుతుంది కాబట్టి బిల్లు తీసుకుని ఆర్‌సీలో మార్పించుకోవాలి, లేకపోతే అమ్మేటప్పుడూ ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కి వెళ్లినప్పుడూ తల నొప్పి.

విప్పిన బేరింగులు పారేయొద్దని ముందే చెప్పి ఉంచండి. అర్ధచంద్రాకారంలో ఉండే ఆ ముక్కలు ఏ సిలిండర్‌వి ఆ సిలిండర్‌వి విడిగా పెట్టమనండి. మీరు నాలుగో పనిలో పట్టుకున్న సిలిండర్ ముక్క మీద పూత లేచిపోయి రాగి బయటపడి ఉంటే డబ్బు పెట్టాల్సిన చోటే పెట్టారు. అన్ని ముక్కల మీదా ఒకేలా నున్నగా, బూడిద రంగులో ఉంటే ఇంజన్ బిగించనివ్వకండి, శబ్దం ఇంకా ఎక్కడో ఉంది.